సుపరిపాలన పాదుకొన్న విధము

రేవుపాలెం కలెక్టరాఫీసులో అనువాదకుడు రుక్మాంగదరావుకి రెండు విషయాల్లో పేరుంది. ఇంగ్లీషు మాట ఒకటి అడిగితే తెలుగు మాటలు తొమ్మిది చెప్తాడన్నది మొదటిది. ఆ ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగులందరిలోకీ పాతవాడన్నది రెండోది. ఏటా మార్చి ఆఖరుకి అతని ఉద్యోగం ఊడిపోయేది, ఏప్రిల్లో మళ్ళీ అతుక్కునేది. నడుమనున్న ఆ కొద్ది రోజులూ అతను నిరుద్యోగి హోదాలో అదే కుర్చీలో కూర్చుని అదే పని చేసేవాడు. లేస్తే కుర్చీని పక్క సెక్షను వాళ్ళు ఎత్తుకుపోతారని భయం.

అతన్ని పర్మినెంటు చెయ్యాలన్న ఫైలు మేడ మీద నడుస్తూనే ఉంది. దాన్ని మొదలుపెట్టిన గుమాస్తా రిటైరై మనవల్ని ఎత్తుకుంటున్నాడు గాని, ఫైలు మాత్రం మేడ దిగలేదు.

ఇలా ఉండగా రాజధానికి ఉన్నట్టుండి భాషాభిమానం పుట్టింది. ఇకమీదట ఏ ఉత్తర్వులోనూ ఒక్క ఇంగ్లీషు ముక్క కనిపించరాదనీ, కనిపిస్తే ఆ ఉత్తర్వు చెల్లనే చెల్లదనీ జిల్లాలన్నిటికీ ఇంగ్లీషులో తాఖీదులు వచ్చాయి. రుక్మాంగదరావుకి పట్టరాని ఆనందమైంది. తన రోజులొచ్చాయనుకున్నాడు. ఇంట్లో కూడా అదే చెప్పాడు. "రోజులు రావడం కాదు, ఆర్డరు రావాలి," అంది భార్య సుగుణమణి, కూరలో ఉప్పు చూస్తూ.

ఆ వారంలోనే ఇంకో తాఖీదు వచ్చింది. పరిపాలనాధికారి భీమశంకరం అతన్ని పిలిపించి, కళ్ళజోడు పైకి తోసి, గొంతు సవరించుకున్నాడు. భీమశంకరం ఇంట్లో ఎలా మాట్లాడతాడో ఎవరికీ తెలియదు గాని, ఆఫీసులో మాత్రం ఫైలు భాషలోనే మొదలుపెడతాడు.

"సదరు విషయమేమనగా, సుపరిపాలనను ప్రతి కార్యాలయంలోనూ ఈ నెలాఖరులోగా 'ఎంట్రెంచ్' చెయ్యాలి. చేసినట్టు, చెయ్యక ముందు ఫోటో, చేశాక ఫోటో జతపరచి నివేదిక పంపాలి. ఆ ఇంగ్లీషు మాటకి యుక్తమైన తెలుగు మాట భోజన విరామానికి ముందే నా బల్ల మీద ఉండాలి."

"భోజనం దాకా ఎందుకండీ? గట్టిగా, కదలకుండా స్థిరపడిపోవడం కదా. పాతుకుపోవడం అనండి," అన్నాడు రుక్మాంగదరావు.

భీమశంకరం అదిరిపడ్డాడు. "పాతుకుపోయేది అవినీతయ్యా! నిన్నగాక మొన్న మన గురించే పేపర్లో రాశారు, అవినీతి పాతుకుపోయిందని. అదే మాట సుపరిపాలనకి తగిలిస్తే రెండూ ఒకటే అనుకోరూ?"

"అయితే వేళ్ళూనుకోవడం."

"గంజాయి వ్యాపారం వేళ్ళూనుకుంటుంది."

"తిష్ఠవేయడం?"

"దరిద్రం తిష్ఠ వేస్తుంది. లేకపోతే మా మూడో బావమరిది."

"జీర్ణించుకుపోవడం, నాటుకుపోవడం, గూడు కట్టుకోవడం..."

"దురలవాటు జీర్ణించుకుపోతుంది. ముల్లు నాటుకుంటుంది. దిగులు గూడు కట్టుకుంటుంది. ఇవేం మాటలయ్యా, అన్నీ అమంగళమే!"

రుక్మాంగదరావు తన కుర్చీలోకొచ్చి పడి ఆలోచనలో పడ్డాడు. నిజమే. ఎన్ని మాటలు తిరగేసినా ఒక్కటీ మంచిదానికి అతకడం లేదు. మన దేశంలో చెడ్డవన్నీ గట్టిగా నిలబడ్డాయి గనుక వాటికి మాటలు పుట్టాయి. మంచివాటికి ఆ అవసరం ఇంకా రాలేదు కాబోలు. ఆ ఊహకి అతనికి కొంచెం భయమేసి, నిఘంటువు తీశాడు.

మధ్యాహ్నం వేళకి మాట దొరికింది. పాదుకొల్పడం! ఎంత ముచ్చటైన మాట! పాదు అంటే మొక్క చుట్టూ తవ్వే గుంట. మొక్కకి పాదు చేసి నిలబెట్టినట్టు నిలబెట్టడమే పాదుకొల్పడం. ఇంగ్లీషు మాట పుట్టుక చూస్తే అదీ గుంటే, కందకమే. రెండు భాషలూ ఒకే గోతిలోంచి లేచాయి! అతని ఒళ్ళు పులకరించింది. 'సుపరిపాలనను ప్రతి కార్యాలయమునందును పాదుకొల్పవలెను' అని రాసి, అక్కడితో ఆగితే ఈ కథే లేదు. చదివినవాళ్ళకి తన పాండిత్యం తెలియకుండా పోతుందే అన్న బాధ కొద్దీ, అడుగున చిన్న అక్షరాలతో ఒక పాదసూచిక తగిలించాడు: 'పాదు అనగా చుట్టును త్రవ్విన గుంట. ఆంగ్ల పదమునకును కందకమనియే మూలార్థము.'

భీమశంకరం రెండుసార్లు చదివి, "మంగళకరంగా ఉంది," అని కలెక్టరుగారి సంతకం పెట్టించి, అన్ని శాఖలకీ పంపేశాడు.

నెలాఖరు దగ్గరపడింది. కలెక్టరుగారు సమీక్షా సమావేశం పెట్టారు. వయసులో చిన్నవారు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారు. తెలుగు వచ్చు గాని, గట్టిగా ఉన్న తెలుగంటే కొంచెం జంకు. సుపరిపాలన ఎంతవరకూ పాదుకొంది అని ఒక్కొక్క శాఖనీ అడిగారు. విద్యాశాఖ వారు ప్రతిజ్ఞ చేయించామన్నారు. ఆరోగ్యశాఖ వారు ఊరేగింపు తీశామన్నారు.

"ఫోటోలో తేడా ఏం కనిపిస్తుందండీ?" అన్నారు కలెక్టరుగారు నీరసంగా. "ముందు ఫోటోలో మనుషులు, తర్వాత ఫోటోలోనూ మనుషులే."

అప్పుడు ఇంజనీరు సత్తిరాజు లేచాడు. మనిషి భారీ. చెయ్యాల్సిన పని ఉత్తర్వులో ఎక్కడ దాక్కున్నా పట్టుకోగలవాడని పేరు.

"అయ్యా, తమరంతా పైన చదివారు. నేను అడుగున చదివాను. చెయ్యవలసింది అక్కడే స్పష్టంగా ఉందండి. చుట్టూ గుంట తవ్వాలి. ఎంత పొడవు, ఎంత లోతు అన్నది సాంకేతిక అంశం, మా శాఖ చూసుకుంటుంది. తవ్వక ముందు ఫోటో, తవ్విన తర్వాత ఫోటో. తేడా గుడ్డివాడికి కూడా తెలుస్తుందండి."

కలెక్టరుగారి ముఖం విప్పారింది. సుపరిపాలన మొట్టమొదటిసారిగా ఘనపు మీటర్లలో కొలవడానికి చిక్కింది.

గోడవారన నిలబడ్డ రుక్మాంగదరావు ఒక అడుగు ముందుకేశాడు. "అయ్యా... అది మాట పుట్టుక గురించి రాసిందండి. నిజంగా తవ్వమని కాదండి."

"పాదసూచిక తప్పంటావా?" అన్నాడు భీమశంకరం వెనక్కి తిరిగి. "తప్పయితే చెప్పు. తప్పు అనువాదానికి బాధ్యుణ్ణి చేస్తూ ఇక్కడే తీర్మానిద్దాం."

రుక్మాంగదరావు కళ్ళ ముందు మేడ మీది ఫైలు మెదిలింది. దానికంటే పెద్ద చిక్కు ఇంకోటి. పాదసూచిక తప్పు కాదు! రైటుని తప్పనడానికి నోరు రాలేదు.

"తప్పేం కాదండి, కానీ..."

"'కానీ' నుంచి మినిట్స్‌లో రాయనక్కర్లేదు," అన్నాడు భీమశంకరం.

మర్నాడే యంత్రాలు దిగాయి. కలెక్టరాఫీసు ప్రహరీ చుట్టూ గుంట మొదలైంది. లోతు తక్కువైతే సుపరిపాలన గాలికి పడిపోతుందని మనిషి మునిగే లోతు తవ్వారు. తవ్విన మట్టి ఎక్కడికి పోయిందని అడగబోయినవాడికి, అది వేరే పద్దు కిందికి వస్తుందని సత్తిరాజు చెప్పాడు. తర్వాత వానలు పట్టాయి. రేవుపాలెంలో వాన అంటే కుండలతో గుమ్మరించినట్టే. గుంట నిండా నీళ్ళు. దోమలొచ్చాయని ఆరోగ్యశాఖ వారు రాస్తే, దోమపిల్లల్ని తినడానికి మత్స్యశాఖ వారు చేపపిల్లల్ని వదిలారు. చేపల్ని ఎవరూ పట్టుకుపోకుండా పోలీసు శాఖ వారు కాపలా పెట్టారు. శాఖల మధ్య అంత సమన్వయం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ఉద్యోగులకి లోపలికి వెళ్ళడానికి ఒక చెక్క వంతెన వేశారు. పొద్దున్న అందరూ దాటాక దాన్ని లోపలికి లాగేస్తారు. సాయంత్రం మళ్ళీ వేస్తారు. జనం దాటాలంటే పడవ ఉంది. పడవ ఎక్కాలంటే అనుమతి చీటీ ఉండాలి. చీటీ లోపల ఇస్తారు.

సోమవారం అర్జీల రోజు. జనం అవతలి గట్టు మీద గొడుగులు వేసుకుని నిలబడ్డారు. లోపల అధికారులు బల్లలు వేసుకుని, పెన్నులు విప్పుకుని, సాయంత్రం దాకా ఎదురుచూశారు. ఒక్కరూ రాలేదు. భీమశంకరం స్వదస్తూరీతో నివేదిక రాశాడు: 'అందిన అర్జీలు: లేవు. ప్రజలకు ఫిర్యాదులు లేనట్లు తెలియవచ్చుచున్నది.'

రాజధాని ఆశ్చర్యపోయింది. అర్జీలు సగానికి తగ్గించినవాళ్ళకే అక్కడ శాలువాలు కప్పుతారు. పూర్తిగా మాయం చేసిన జిల్లా ఇంతవరకూ లేదు. ఇతర జిల్లాల వాళ్ళు చూసిపోవడానికి బస్సుల్లో వచ్చారు. వాళ్ళకి మాత్రం వంతెన వేశారు. ఈ విధానాన్ని రాష్ట్రమంతటా అమలు చెయ్యాలనీ, అందుకో మార్గదర్శి తయారుచేసి పంపాలనీ పైనుంచి కబురొచ్చింది.

భీమశంకరం రుక్మాంగదరావు బల్ల దగ్గరికి తానే నడిచొచ్చాడు. అలాంటిది ఎన్నడూ జరగలేదు.

"మార్గదర్శి నువ్వే రాయాలి. పాదసూచికలు కూడా నీ ఇష్టం, ఎన్నయినా పెట్టుకో. అది రాజధానికి చేరిన రోజున నీ ఫైలు మేడ దిగుతుంది. కలెక్టరుగారు సానుకూలంగా ఉన్నారు."

ఆ సాయంత్రం రుక్మాంగదరావు వంతెన దాటి ఇంటికి పోతుంటే గట్టు మీద మంగతాయారు ఎదురైంది. ఆమెది అతని వెనక వీధే. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొట్టు వొలిచే పని. వొలిచి వొలిచి వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. వితంతు పింఛను మిషనుకి ఆమె వేలిముద్ర అందక, ఆమె ఆమె కాదని తేల్చేసింది. ముద్ర లేకుండానే ఇవ్వొచ్చని కలెక్టరుగారు ఒక్క సంతకం పెడితే చాలు. దానికోసం పని మానుకుని సోమవారం సోమవారం తిరుగుతోంది.

"పంతులుగారో! ఈ గొయ్యి మీరు రాసిన మాటకే తవ్వేరంట గదా, నిజవేనా?"

"గుంట తవ్వమని నేను రాయలేదు తాయారమ్మా. మాట రాశాను, అంతే."

"అంతలోతు మాట ఎందుకు రాసేరండీ? మాబోటోళ్ళం దాటేలాగ చిన్న మాట రాయకూడదా?"

తొమ్మిది మాటలొచ్చిన రుక్మాంగదరావు ఆ చిన్న మాట కోసం దారి పొడవునా వెతుక్కున్నాడు. తల వంచుకుని ఇంటికి పోయాడు. మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అయినా ఆ రాత్రి పడుకునే ముందు పర్మినెంటు జీతంలో సుగుణమణికి చెవి దుద్దులు మార్పించడం గురించి ఆలోచించాడు. అబద్ధం ఎందుకు, ముల్లు కంటే దుద్దులే ఎక్కువసేపు గుర్తొచ్చాయి.

మరుసటి సోమవారం అతను కిటికీ పక్కన కూర్చుని మార్గదర్శి రాస్తున్నాడు. గట్టు మీద కేకలు వినిపించాయి. చూస్తే మంగతాయారు చీర బిగించి, అర్జీ కాగితాన్ని పళ్ళ మధ్య పట్టుకుని నీళ్ళలోకి దిగిపోయింది. సముద్రం పక్కన పుట్టిన మనిషి, ఈతకి వెరవదు. కాపలా పోలీసు ఈలలు వేస్తున్నాడు. చేపలు బెదురుతాయని మత్స్యశాఖ గుమాస్తా అరుస్తున్నాడు. ఆమె ఎవరి మాటా వినలేదు. నడిమధ్యకి వచ్చేసరికి ఒక్కసారి మునిగింది. రుక్మాంగదరావు కలం వదిలేసి లేచి నిలబడ్డాడు. ఆమె తల మళ్ళీ తేలేదాకా అతను కూర్చోలేదు.

నీళ్ళు ఓడుతూ వచ్చి ఆమె భీమశంకరం బల్ల ముందు నిలబడింది. పళ్ళ మధ్య నుంచి కాగితం తీసి ఇచ్చింది.

భీమశంకరం దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "ఇది తడిసింది. తడిసిన అర్జీ అర్జీ నిర్వచనంలోకి రాదు. పొడి అర్జీతో రావలసింది."

"నీల్లలోంచి పొడిగా ఎలాగొత్తానండీ?"

"అది అర్జీదారు స్వవిషయము." కాగితం ఆమె చేతిలో పెట్టేశాడు. "పైగా ఈ రోజు అర్జీలు లేవని నివేదిక వెళ్ళిపోయింది. ఇప్పుడు నువ్వు వచ్చావంటే నివేదిక అబద్ధమవుతుంది. నువ్వు రానట్టే."

మంగతాయారు అతనికేసి చూసింది. తర్వాత గదిలో ఉన్నవాళ్ళందరికేసీ చూసింది. రుక్మాంగదరావు దగ్గర ఆ చూపు ఆగలేదు, అందరినీ దాటినట్టే దాటిపోయింది. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది. మిషనుకి ఆమె ఆమె కాదు. ఆఫీసుకి ఆమె రానేలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు చీటీ ఉందా అని పడవవాడు అడిగాడు. ఆమె మళ్ళీ నీళ్ళలోకే దిగింది.

రుక్మాంగదరావు కుర్చీలో కూర్చుని రాసినదంతా చింపేశాడు. గుంట తప్పని చెప్తే ఎవరూ వినరు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. వాళ్ళకి రుచించే భాషలోనే చెప్పాలి. మార్గదర్శి మళ్ళీ మొదటినుంచి, వీలైనంత గంభీరంగా రాశాడు. అంతా గుంటని పొగడ్డమే. అడుగున మాత్రం ఒకే ఒక్క పాదసూచిక పెట్టాడు:

'పాదు త్రవ్వుట ప్రథమ దశ మాత్రమే. అంతటితో విడిచినచో వేరు కుళ్ళును. పాదుకొల్పుట సంపూర్ణమగుటకు గుంటను మట్టితో నింపి, వీలైనంత ఎక్కువమంది పాదములతో గట్టిగా త్రొక్కవలెను. త్రొక్కిన కొలదిని స్థిరత్వము హెచ్చును.'

కలెక్టరుగారి సమావేశంలో దాన్ని చదివింది సత్తిరాజే. అడుగు నుంచే చదివాడు. ముఖం వెలిగిపోయింది.

"రెండో దశ ఉందండి!" అన్నాడు. "తవ్వినదానికెంత పనో, పూడ్చడానికీ అంతే పని. మట్టి మన దగ్గర లేదు, కొత్తగా తేవాలి. ఫోటోలు కూడా మళ్ళీ ముందూ తర్వాతా తీసుకోవచ్చండి."

"తొక్కేది ఎవరు?" అన్నారు కలెక్టరుగారు.

"పాదములు ఎక్కువమందివి కావాలంటున్నాడండి. మన సిబ్బంది చాలరు," అని భీమశంకరం కళ్ళజోడు సవరించుకున్నాడు. "ప్రజా భాగస్వామ్యము అనే శీర్షిక కింద జనాన్ని పిలవవచ్చును."

పిలవడమేమిటి, టాంటాం వేయించారు. తర్వాతి సోమవారానికి గుంటలో మట్టి పడింది. చేపల్ని మత్స్యశాఖ వారు ఏం చేశారన్నది ఆ మధ్యాహ్నం క్యారేజీల్లో తెలిసింది. జిల్లా నలుమూలల నుంచీ జనం దిగారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, గొడుగులూ సంచులూ ఉన్నవాళ్ళు. తప్పెట్లవాళ్ళు కూడా వచ్చేసరికి తొక్కుడు చిందుగా మారింది. సుపరిపాలనని రేవుపాలెం జనం కసితీరా తొక్కారు. తొక్కుతూ తొక్కుతూ నేల గట్టిపడగానే, ఆగకుండా అలాగే లోపలికి నడిచారు. ఆపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ప్రతివాడి సంచిలోనూ అర్జీ ఉంది.

కలెక్టరుగారు మెట్ల మీద ఫోటో కోసం నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు మోకాళ్ళదాకా బురదతో మంగతాయారు వచ్చింది. పొడి అర్జీ చాచింది.

"సార్, పెన్ను కాగితం మీద ఆనించండి, సహజంగా ఉంటుంది," అన్నాడు ఫోటోగ్రాఫరు.

కలెక్టరుగారు ఆనించారు. సహజంగా ఉండాలని సంతకం కూడా చేశారు. ఆమె ఆ సంతకం మీది సిరాని ఆరబెట్టుకుంటూ, గుంపులో రుక్మాంగదరావు కనపడితే ఆగింది. "పంతులుగారో, ఈసారి మాట బాగుందండి," అని వెళ్ళిపోయింది. ఆ నెల పింఛను ఆమె చేతిలో పడింది. మిషను మాత్రం ఇప్పటికీ ఆమెని నమ్మదు.

రాజధాని మండిపడింది. అర్జీలు లేని జిల్లాలో ఒక్కరోజులో గదులు పట్టనన్ని అర్జీలా! గుంట ఎవరు పూడ్చమన్నారు? రెండో పాదసూచిక రాసినవాణ్ణి తక్షణం శిక్షించి తెలియజేయాలి.

భీమశంకరం నిబంధనల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. బదిలీ చేద్దామంటే పర్మినెంటు వాళ్ళకే బదిలీ. ఇంక్రిమెంటు ఆపుదామంటే తాత్కాలికుడికి అదెప్పుడూ లేదు. సస్పెండు చేద్దామంటే దానికీ పర్మినెంటు అయ్యుండాలి. తీసేద్దామంటే, ఏటా తీసేస్తూనే ఉన్నారు. అది శిక్ష కింద లెక్కకి రాదని ఆడిట్ వారే గతంలో రాశారు.

"నిన్ను కదిలించాలంటే ముందు నిన్ను పర్మినెంటు చెయ్యాలయ్యా!" అని భీమశంకరం బల్ల గుద్దాడు. అతను బల్ల గుద్దడం అదే మొదలు.

పైకి రాశారు. పైవాళ్ళు ఆ తర్కానికి ముచ్చటపడి, ముందు క్రమబద్ధీకరించి, ఆ వెంటనే సస్పెండు చెయ్యమన్నారు. అన్నేళ్ళుగా కదలని ఫైలు మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆర్డరు పొద్దున్నే ఇచ్చారు. రుక్మాంగదరావు దాన్ని మూడుసార్లు చదువుకుని, సుగుణమణికి ఫోన్ చేశాడు. "నిజంగానా?" అని ఆమె ఏడ్చేసింది. మధ్యాహ్నం కాబోయేదేమిటో ఆమెకి చెప్పడానికి అతనికి మనసు రాలేదు.

మధ్యాహ్నం భీమశంకరం రెండో ఆర్డరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది రాజధాని నుంచి ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చెయ్యకుండా ఇస్తే చెల్లదు. తెలుగు చెయ్యడానికి ఆఫీసులో ఉన్నది ఒక్కడే.

"తొందరగా కానీ. సస్పెండు అనే మాట ఒక్కటే కదా," అన్నాడు భీమశంకరం.

"ఇంగ్లీషులో దానికి వేలాడదీయడమని అర్థమండి. అలా రాస్తే మీ సత్తిరాజుగారు దూలం వెతుకుతారు."

భీమశంకరం ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. "వద్దు, వద్దు. అందరూ రాసేదే రాయి. 'తాత్కాలికంగా తొలగించడమైనది'."

రుక్మాంగదరావు పొద్దుటి ఆర్డరు తీసి, ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి ఆయనకేసి తిప్పాడు. భీమశంకరం తన సొంత ముసాయిదాని తానే చదువుకున్నాడు: 'ఇకమీదట సదరు ఉద్యోగి విషయమై తాత్కాలిక అను పదమును ఎచ్చటను, ఏ సందర్భమునను వాడరాదు.'

భీమశంకరం కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"మరిప్పుడు ఏం రాస్తావు?"

"మంచి మాట వెతకాలండి. అమంగళం లేకుండా, దూలం జోలికి పోకుండా." రుక్మాంగదరావు కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుని, నిఘంటువు తెరిచి, కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. "తొందరపడితే ఏమవుతుందో చూశాంగా. ఈసారి మొదటినుంచీ చూసుకుంటూ వస్తానండి."

అని, 'అ' దగ్గర మొదలుపెట్టాడు.